ఈబర్డ్ సమీక్ష: కనబడని పిట్టకూ లెక్క ఉన్న చోటు

నంద్యాలలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. ఆవాసం మారితే జీవజాతుల విస్తరణ మారుతుందని మా పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం దగ్గరికి రాగానే నేను పుస్తకం పక్కన పెట్టి, జనం చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ అనే ఆన్‌లైన్ సేవలోని పటం తెరుస్తాను. కొన్నేళ్లుగా దీన్ని పొలాల్లో, చెరువు గట్ల మీద, తరగతి గదిలో వాడుతున్నాను కాబట్టి దీని మంచిచెడ్డలు రాయాలనిపించింది. పక్షులంటే ఇష్టం ఉండి ఇంకా ఇందులో చేరని తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. భూములు, ప్రాజెక్టుల మీద నివేదికలు రాసేవారు కూడా చదివితే సంతోషిస్తాను.

ముందు దీని సంగతి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర ప్రయోగశాల, నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన సేవ ఇది. మీరు ఒక చోట కాసేపు నిలబడి లేదా నడిచి చూసిన పక్షుల జాబితాను ఇందులో నమోదు చేస్తారు. ప్రపంచం నలుమూలల నుంచి జనం ఇలా పంపిన నమోదులు 2021లోనే వంద కోట్లు దాటాయి. మన దేశంలో బర్డ్ కౌంట్ ఇండియా అనే బృందం దీని బాధ్యత చూస్తుంది. రూపాయి ఖర్చు లేదు. ప్రకటనలు లేవు. పరిశోధనకు సమాచారం కావాలంటే కారణం రాసి అడిగితే మొత్తం దింపుకోనిస్తారు. ప్రజలు ఇచ్చిన సమాచారాన్ని తిరిగి ప్రజల చేతికే ఇచ్చే ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది.

ఫోనులో యాప్ వాడకం తేలిక. బయలుదేరే ముందు మన ప్రాంతానికి సంబంధించిన పక్షుల పట్టికను ఇంట్లోనే దింపుకుంటే, సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. నల్లమల అంచు గ్రామాల్లో ఇది ఎంత అవసరమో అక్కడ తిరిగినవారికి తెలుసు. ‘మొదలుపెట్టు’ అని నొక్కగానే సమయం, నడిచిన దూరం దానంతట అదే లెక్కపెట్టుకుంటుంది. మనం చేయవలసిందల్లా పిట్ట కనబడినప్పుడు పేరు వెతికి సంఖ్య వేయడమే. లెక్కపెట్టలేనంత మంద అయితే ఇంటూ గుర్తు పెట్టినా తీసుకుంటుంది, కానీ అంచనాగానైనా ఒక సంఖ్య వేయమని నా పిల్లలకు చెబుతాను. నడిచిన దారిని గుర్తించే పని పెట్టుకుంటే బ్యాటరీ తొందరగా తగ్గుతుంది, ఫోను నిండుగా చార్జ్ చేసుకుని వెళ్లాలి.

జాబితా ముగించేటప్పుడు యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నింటినీ ఇందులో రాశారా? చాలామంది దీన్ని మొక్కుబడిగా నొక్కేస్తారు. ఈ సేవ మొత్తానికి ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం. ‘అవును’ అంటే, నేను రాయని పక్షి నాకు అక్కడ కనబడలేదని, వినబడలేదని అర్థం. అంటే కాకిని, గోరింకను, పావురాన్ని కూడా వదలకుండా రాసిన జాబితా మాత్రమే పాలపిట్ట లేదని సాక్ష్యం చెప్పగలదు. అరుదైన పిట్ట ఒక్కదాన్నే రాసి మిగతావి వదిలేసిన జాబితా అలా చెప్పలేదు. ఒక చోట వంద పూర్తి జాబితాల్లో నలభైలో పాలపిట్ట ఉండి, కొన్నేళ్లకు అదే చోట వందలో పదింటిలోనే ఉంటే, ఏదో జరిగిందని తెలుస్తుంది. మామూలు మనుషులు కాలక్షేపానికి రాసుకున్న జాబితాలు శాస్త్రానికి పనికొచ్చేది ఈ లెక్క వల్లనే.

ఇక వెబ్‌సైటులో పటాల సంగతి. ఒక పక్షి పేరు కొడితే దేశమంతా గడులుగా విడిపోయి కనబడుతుంది. ఊదారంగు గడిలో ఆ పక్షి నమోదైంది, రంగు చిక్కబడేకొద్దీ తరచుగా నమోదైనట్టు. బూడిదరంగు గడికి ఎవరో వెళ్లారు, జాబితాలు రాశారు, కానీ ఈ పక్షి అందులో లేదు. ఏ రంగూ లేని గడికి ఎవరూ వెళ్లనే లేదు. ఈ మూడింటికీ తేడా తెలియకుండా పటం చూడకూడదు. పిల్లలకు మొదట నేర్పేది ఇదే. బూడిదరంగు ‘వెతికాం, దొరకలేదు’ అంటుంది. ఖాళీ గడి ఏమీ అనదు. పెద్ద చదువులు చదివినవారు కూడా ఈ రెండింటినీ కలిపేసి, ‘ఆ ప్రాంతంలో ఆ పక్షి లేదట’ అని చెప్పడం విన్నాను.

పటానికి ఒక పెద్ద లోపం ఉంది. తెరవగానే అది అన్ని నెలల, అన్ని సంవత్సరాల నమోదులను కలిపి చూపిస్తుంది. పాతికేళ్ల కిందట చివరిసారి కనబడిన పక్షికీ, నిన్న ఉదయం కనబడిన పక్షికీ అదే ఊదారంగు. మార్పు తెలియాలంటే తేదీల పెట్టె తెరిచి కాలాన్ని మనమే విడగొట్టుకోవాలి: గత పదేళ్లు ఒకసారి, అంతకుముందు కాలం ఒకసారి. కొత్తవారికి ఆ పెట్టె ఉందన్న సంగతే తెలియదు. వాళ్లు పటం చూసి, అంతా బాగానే ఉందని మూసేస్తారు.

ఇది మా జిల్లాలో ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే రోళ్లపాడు గురించి చెప్పాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రకటించిన అభయారణ్యం అది, విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మీటరు ఎత్తు ఉండే, ఎగరగలిగిన పక్షుల్లోకెల్లా బరువైన వాటిలో ఒకటైన ఆ పిట్ట, ఏడాదికి సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ నేల మీదే. దానికి అడవి అక్కర్లేదు, చెట్ల నీడ అక్కర్లేదు. పొట్టి గడ్డి, మధ్యలో జొన్న, కొర్ర వంటి మెట్టపంటలు, కనుచూపు మేర అడ్డులేని నేల కావాలి. రోళ్లపాడు చుట్టుపక్కల నేల అలాంటిదే. తర్వాత కాలువ నీళ్లు వచ్చాయి. రైతులు బతుకు బాగుపడుతుందని పంటలు మార్చుకున్నారు, వాళ్లను తప్పుపట్టను. కంచె లోపల రక్షించిన చిన్న ముక్క మిగిలింది, కంచె బయట ఆ పిట్ట తిరిగే విశాలమైన నేల మారిపోయింది. కృష్ణజింకలు మాత్రం పెరిగి చేల మీద పడ్డాయి, దాంతో అభయారణ్యమంటేనే చుట్టుపక్కల రైతులకు కోపం వచ్చింది. బట్టమేక అక్కడ కనబడి చాలా ఏళ్లయింది. ప్రపంచం మొత్తంలో స్వేచ్ఛగా తిరిగేవి ఇప్పుడు 150 లోపే అని అంచనా, అందులో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపే.

అక్కడి దగ్గరి ఊళ్లో గొర్రెలు కాసే పెద్దాయన ఒకసారి నాతో అన్న మాటలు ఇవి: “అమ్మా, మేం పిల్లలుగా ఉన్నప్పుడు ఈ చేలల్లోనే తిరిగేవి. మగది గొంతు సంచి ఉబ్బించి నిలబడితే అంత దూరం నుంచి కనబడేది. నీళ్లొచ్చాయి, జొన్న పోయింది, అదీ పోయింది. ఇప్పుడు మీరు దుర్భిణీలు పట్టుకొని వస్తున్నారు.”

ఆయన చెప్పింది ఈబర్డ్‌లో ఎలా రాయాలి? పాత నమోదుల కోసం ఒక విభాగం ఉంది, ఎవరి డైరీలోనైనా తేదీ, చోటు ఉంటే అందులో చేర్చవచ్చు. కానీ ఆయన దగ్గర తేదీ లేదు. ఏ చేలో, ఏ కార్తెలో, ఎవరి పెళ్లి జరిగిన ఏట అన్నది మాత్రం ఉంది. ఆ జ్ఞాపకానికి ఈ సేవలో చోటు లేదు. శాస్త్రం దృష్టితో అది సబబే, తేదీ లేని దాన్ని లెక్కలో కలపలేరు. కానీ దీని పర్యవసానం తీవ్రమైంది. మన రాష్ట్రాల్లో జాబితాలు జోరుగా రావడం మొదలైంది 2014 తర్వాతే. అంటే మా నేల గురించి ఈబర్డ్ చెప్పే కథ, అప్పటికే బట్టమేక దాదాపు వెళ్లిపోయిన తర్వాత మొదలవుతుంది. వానాకాలంలో వచ్చి గడ్డిలో ఎగిరెగిరి పడే నేలనెమలి (లెస్సర్ ఫ్లోరికన్) గురించీ అంతే. నా విద్యార్థి ఈ రోజు రోళ్లపాడు వెళ్లి జాబితా రాస్తే, పిల్లిగద్దలు, కృష్ణజింకలు ఉన్న ఆ గడ్డినేలే అతనికి మొదటి కొలత. అంతకుముందు ఏముండేదో పటం అతనికి చెప్పదు. అందుకే క్షేత్రానికి వెళ్లినప్పుడు ఫోనుతో పాటు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లమంటాను. ఊళ్లోని పెద్దవాళ్లు చెప్పినవి వాళ్ల మాటల్లోనే రాసుకురమ్మంటాను.

అలాగని 2014 తర్వాతి సమాచారం తక్కువదని అనను. ఈ జాబితాల ఆధారంగా వచ్చిన ‘భారతదేశ పక్షుల స్థితి’ నివేదిక 2020లో ఒకసారి, 2023లో మరోసారి వెలువడింది. 2023 నివేదికలో సుమారు 30,000 మంది పంపిన నమోదులతో 942 జాతులను పరిశీలించారు. దీర్ఘకాలిక ధోరణి తేల్చగలిగిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి. అత్యధిక శ్రద్ధ అవసరమైన జాతులు 178 అని తేల్చారు. గడ్డినేలలను, బహిరంగ ప్రదేశాలను నమ్ముకున్న పక్షులు బాగా దెబ్బతిన్నాయి. ఒకే రకం ఆవాసం మీద ఆధారపడేవి తగ్గుతుంటే, ఎక్కడైనా సర్దుకుపోగల కోకిల, పావురం, నెమలి లాంటివి పెరుగుతున్నాయి.

ఆ నివేదికలో నన్ను బాధపెట్టిన పేరు పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా రోజు కళ్లబడితే శుభమని ఊరంతా పొలిమేరకు వెళ్లి వెతికే పక్షి. దాని సంఖ్య దాదాపు 30 శాతం తగ్గిందని, ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో దాని స్థాయిని మళ్లీ పరిశీలించాలని నివేదిక సిఫారసు చేసింది. పాలపిట్ట మనకు ఇంకా కనబడుతూనే ఉంది, కరెంటు తీగల మీద కూర్చునే ఉంటుంది. అందుకే తగ్గుతోందంటే ఎవరూ నమ్మరు. కంటికి ఆనని తగ్గుదలను పట్టి చూపడం వేలమంది రాసిన పూర్తి జాబితాలకే సాధ్యం. దసరా నాడు పంజరంలో పెట్టి తెచ్చి చూపించి డబ్బులు అడిగేవారు కొన్ని చోట్ల ఇంకా ఉన్నారు. అది చట్టవిరుద్ధం, దయచేసి వారికి డబ్బులివ్వకండి. ఆ రోజు ఉదయం పొలం గట్టున పదిహేను నిమిషాలు నిలబడి జాబితా రాయండి. పాలపిట్ట కనబడకపోయినా రాయండి.

నెమలి కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒకప్పుడు కేరళలో చాలా చోట్ల కనబడని నెమలి ఇప్పుడు ఆ రాష్ట్రంలోని ప్రతి జిల్లాలోనూ ఉంది. నేల పొడిబారడం, రక్షణ పెరగడం, మనిషి పక్కన బతకగలగడం అన్నీ దానికి కలిసొచ్చాయి. తేదీలు విడగొట్టి నెమలి పటం చూపిస్తే పిల్లలు ఒక్క నిమిషంలో గ్రహిస్తారు: ఒక పక్షి పెరగడం ఎప్పుడూ శుభవార్త కానక్కర్లేదు, కొన్నిసార్లు అది నేల మారిందన్న కబురు. పిచ్చుక విషయంలోనూ ఈ సమాచారం మేలు చేసింది. దేశం మొత్తం మీద పిచ్చుకలు దాదాపు నిలకడగానే ఉన్నాయని, పెద్ద నగరాల్లో తగ్గాయని 2020 నివేదిక చెప్పింది. ‘పిచ్చుక అంతరించిపోతోంది’ అని ఏటా వచ్చే వార్తలకు అది సరైన జవాబు.

ఈబర్డ్‌లోనే ‘స్థితి, ధోరణులు’ అనే విభాగం ఉంది. చాలామంది దాని జోలికి వెళ్లరు. నా దృష్టిలో ఈ సేవలో అత్యంత విలువైనది అదే. మామూలు పటం మనుషులు వెళ్లిన చోట్లనే చూపుతుంది కదా. ఈ విభాగంలో జాబితాలకు ఉపగ్రహాలు ఇచ్చే నేల వివరాలను జోడిస్తారు: ఎక్కడ అడవి, ఎక్కడ పంట, ఎక్కడ నీరు, ఎక్కడ కట్టడాలు, ఎంత ఎత్తు. ఏ రకం నేలలో ఏ వారం ఏ పక్షి ఎంతగా కనబడుతుందో కంప్యూటర్ నేర్చుకుని, ఎవరూ వెళ్లని చోట కూడా మూడు కిలోమీటర్ల గడులుగా అంచనా వేస్తుంది. ఎంత సమయం చూశారు, ఎంత దూరం నడిచారు అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటుంది. వారాల వారీగా పటం కదులుతుంటే వలస పక్షులు ఖండాలు దాటి రావడం, పోవడం కళ్లముందు జరుగుతుంది. ధోరణుల పటంలో ఇరవై ఏడు కిలోమీటర్ల గడికి ఒక చుక్క: తగ్గితే ఎరుపు, పెరిగితే నీలం, తేల్చలేకపోతే తెలుపు. తేల్చలేనప్పుడు ఆ మాట దాచకుండా తెల్లచుక్క పెట్టడం నాకు నచ్చింది.

దీన్నీ జాగ్రత్తగానే చూడాలి. అంచనాకు ఆధారమైన జాబితాలు పలచగా ఉన్న చోట అంచనా కూడా బలహీనమే. పైగా ఉపగ్రహానికి నేల రకం తెలుస్తుంది గానీ ఆ నేల మీద ఏం జరుగుతుందో అంతా తెలియదు. పత్తి చేనుకూ జొన్న చేనుకూ పంటభూమి అనే ఒకే ముద్ర పడితే, పురుగుమందు ఎంత కొట్టారో, గట్ల మీది ముళ్లపొదలు నరికేశారో లేదో దానికి ఎలా తెలుస్తుంది? పాలపిట్టకు ఆ తేడాయే బతుకు. మిడతలు దొరకాలి, కూర్చోవడానికి కొమ్మ ఉండాలి, గూటికి తొర్ర ఉన్న ముసలి చెట్టు ఉండాలి.

కొల్లేరులో ఇదే చిక్కు మరో విధంగా కనబడుతుంది. అక్కడి ఆటపాక పక్షుల కేంద్రానికి వెళితే గూడబాతుల గుంపులు చూసి మనసు నిండుతుంది. చేపల చెరువుల వల్ల వాటికి తిండి దొరుకుతోంది. కానీ ఆ చెరువుల కోసం పోయిన రెల్లు, తుంగ, లోతు తక్కువ నీళ్లు మరెన్నో పక్షుల ఇళ్లు. గూడబాతు పటం ఒక్కటే చూసి కొల్లేరు బాగుందనుకుంటే పొరపాటు. రెల్లులో దాక్కునే పక్షుల పటాలు, బురదలో ముక్కు గుచ్చి తినే పక్షుల పటాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక చోటి జాతులన్నింటికీ వారాల వారీగా నిలువు పట్టీలు చూపే పట్టిక ఈబర్డ్‌లో ఉంది, ఈ పనికి అది చక్కగా సరిపోతుంది.

మిగతా లోపాలు త్వరగా చెప్పేస్తాను. జాబితాలు పెద్ద నగరాల చుట్టూ, పేరున్న చెరువుల చుట్టూ, తారురోడ్ల వెంట కిక్కిరిసి ఉంటాయి, మెట్ట పల్లెల మీద పలచబడతాయి. ఆదివారం ఉదయాలు ఎక్కువ, మిట్టమధ్యాహ్నాలు తక్కువ. చిన్న గడ్డిపిట్టలను, వానకోయిలలను కొత్తవారు గుర్తుపట్టలేక వదిలేస్తారు, కాబట్టి అవి నిజంగా ఉన్నదానికంటే తక్కువగా కనబడతాయి. అసాధారణమైన నమోదు వస్తే యాప్ వివరం అడుగుతుంది, తర్వాత స్థానిక స్వచ్ఛంద పరిశీలకులు చూస్తారు. జీతం లేకుండా చేసే పని కాబట్టి ఆలస్యం కావచ్చు, ఫోటో లేదా గొంతు రికార్డు జతచేస్తే వారికి తేలిక. వేటకు, వేధింపుకు గురయ్యే కొన్ని జాతుల కచ్చితమైన చోటును ఈబర్డ్ బయటపెట్టదు, ఇరవై కిలోమీటర్ల గడిగానే చూపుతుంది. కొందరు దీన్ని లోపమంటారు. గూడు దగ్గరికి కెమెరాలతో ఎగబడే గుంపులను చూసినవారెవరూ అలా అనరు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఖాళీ గడుల గురించి. మా ప్రాంతంలో మెట్టభూములు, గుట్టల మధ్య గడ్డినేలలు ప్రభుత్వ కాగితాల్లో చాలావరకు బంజరు కిందే ఉంటాయి. గని, శకునాల గ్రామాల దగ్గర 2017 నాటికి 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. సౌరవిద్యుత్తు కావాలి, దాన్ని కాదనను. కానీ అలాంటి పలకలు పరిచే ముందు ఆ నేల మీద ఏ పక్షులు ఉన్నాయని అడిగినప్పుడు, ఎవరో ఈబర్డ్ తెరిచి, రంగు లేని గడిని చూసి, ‘ప్రాముఖ్యమున్న జాతులు నమోదు కాలేదు’ అని రాసేయగలరు. అక్షరాలా అది అబద్ధం కాదు. ఎవరూ వెళ్లని చోట ఏదీ నమోదు కాదు. ఇలాంటి నివేదికలు తయారుచేసేవారికి నా విన్నపం: ఆ గడిలో ఎన్ని పూర్తి జాబితాలున్నాయో, ఏ నెలల్లో రాశారో మీ నివేదికలో ఆ వాక్యం పక్కనే రాయండి. వానాకాలంలో ఒక్క జాబితా కూడా లేకపోతే ఆ సంగతీ రాయండి.

అభిరుచి ఉన్నవారికి, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఈబర్డ్‌ను సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు. అర నక్షత్రం తగ్గించింది పటం తెరవగానే అన్నేళ్లూ కలిపి చూపించినందుకు. గత పదేళ్లను, అంతకుముందు కాలాన్ని పక్కపక్కన రెండు పటాలుగా చూపిస్తే ఆ అర కూడా ఇచ్చేస్తాను. అంతవరకు ప్రతి పక్షి పటం మీదా తేదీల పెట్టె తెరిచి కాలాన్ని మీరే విడగొట్టి చూడండి. ఊరి పేరు వెతికి మీ గడికి రంగు లేదని తెలిస్తే, పొద్దున్నే చెరువు గట్టు మీద పావుగంట నిలబడి, కాకితో మొదలుపెట్టి జాబితా రాసి పంపండి.